రాజభటులకు కట్టిన భాష

మా మనవడికి పదిహేనేళ్ళు. బ్రూక్షాబాద్‌లో మా ఇంటి మెట్ల మీద కూర్చుని నెల రోజులుగా ఫోనులో ఒక భాష నేర్చుకుంటున్నాడు. ఏ దేశానిదిరా అంటే ఏ దేశానిదీ కాదట. వేరే గ్రహం మీద ఉండే యోధుల కోసం ఎక్కడో సినిమా వాళ్ళు పనిగట్టుకుని కట్టిన భాషట. తెలుగు చదవమంటే చర్చి బోర్డు మీద అక్షరాలు కూడబలుక్కునే వెధవ, లేని గ్రహం భాషలో క్రియ ముందు పెట్టాలో వెనక పెట్టాలో గడగడా చెబుతున్నాడు. బడిలో వార్షికోత్సవానికి వాడూ వాడి స్నేహితులూ ఒక చిన్న నాటకం వేస్తారు. అందులో మాటల్ని ఆ భాషలోకి తిప్పే పని వీడి నెత్తిన పడింది. మొన్న సాయంత్రం తల పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "నానమ్మా, ఇందులో నమస్తే లేదు. ఎదురుపడితే 'ఏం కావాలి నీకు' అంటారంతే. మరి మా నాటకంలో దోస్త్ వచ్చి 'క్యా హాల్ హై యార్' అనాలి కదా, ఆ యార్‌కి ఏం పెట్టాలి?" అన్నాడు. నేను బెండకాయలు తరుగుతున్నాను. తల ఎత్తకుండానే, "యార్ తీసెయ్, అక్కడ తిట్టు పెట్టు. కత్తి పట్టుకుని బతికేవాళ్ళు ఇష్టమైనవాణ్ణి తిట్టే పిలుస్తారు" అన్నాను. వాడు ఫోను పక్కన పెట్టి, "నీకెలా మాలూమ్?" అన్నాడు.

నాకెలా తెలుసో వాడికి చెప్పలేదు. టైపిస్టుగా ముప్పై మూడేళ్ళు ఆఫీసులో పరాయివాళ్ళ మాటల్ని పొల్లు పోకుండా దించిన దాన్ని కాబట్టి, ఇదొక్కటీ నా సొంతంగా దించుకుంటాను.

మా చిన్నతనంలో మేం జంగ్లీఘాట్‌లో ఉండేవాళ్ళం. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మా తాత భీమిలి వైపు నుంచి కూలిపనికి ఓడెక్కి ఈ ద్వీపానికి వచ్చాడట. నాకు బుద్ధి తెలిసేసరికి మా నాన్న, చిన్నాన్న ఒకే ప్రహరీలో రెండు రేకుల ఇళ్ళు వేసుకుని ఉన్నారు. చిన్నాన్నకి చెక్క మిల్లులో పని. సముద్రం మీద తేలుకుంటూ వచ్చిన దుంగల్ని ఒడ్డుకి లాగాక, ఏ దుంగ ఏ జాతిదో చూసి దాని మొదలు మీద గుర్తు వెయ్యాలి. ఇంటికి వచ్చేసరికి ఆయన కనురెప్పల మీద కూడా రంపపు పొట్టు ఉండేది. చదివింది ఎనిమిదో తరగతి. కానీ ఏటా క్రిస్మస్‌కి మా తెలుగు సంఘంలో వేసే నాటకం ఆయనే రాసేవాడు. నేను ఆయనకి రాతగత్తెను. పదమూడేళ్ళ పిల్లకి అంత పదవి దొరికితే ఎలా ఉంటుందో ఊహించుకోండి, నేల మీద నడిచేదాన్ని కాదు.

ఆ నాటకం చూడ్డానికి మన వాళ్ళే కాదు, వీధంతా వచ్చేది. ఆ వీధి సంగతి చెప్పాలి. మా వరసలో ఏడు ఇళ్ళుంటే ఐదు భాషలు. ఒక పక్క అరవ వాళ్ళు, ఒక పక్క మలయాళం వాళ్ళు, ఎదురుగా బెంగాలీ మాష్టారు, చివరింట్లో రాంచీ వాళ్ళు, అందరికీ మధ్యలో హిందీ. క్రిస్మస్ ముందు శనివారం సాయంత్రం చర్చి ఆవరణలో చాపలు పరిస్తే ఈ జనమంతా మాకంటే ముందు వచ్చి కూర్చునేవాళ్ళు. నాటకంలో ఏటా ఒక ఘట్టం తప్పదు: బేత్లెహేములో పసిపిల్లల్ని చంపమని రాజు భటుల్ని పంపడం. ఆ భటులు ఏ భాష మాట్లాడాలన్నదే మా సంఘానికి పెద్ద తలనొప్పి. తెలుగు మాట్లాడితే మన పక్కింటోళ్ళలాగే ఉన్నారు, భయం లేదన్నారు. సరేనని ఒక ఏడు భటుల చేత అరవం మాట్లాడిస్తే పక్కింటి అరవ అత్త మాకు మురుకులు పంపడం మానేసింది. మరుసటి ఏడు హిందీ పెడితే, ఏటా స్టేజీకి టార్పాలిన్ ఇచ్చే హవల్దారు భయ్యా నవ్వుతూనే, "క్యా భాయ్, బచ్చోంకో మార్‌నేవాలే హమ్ హీ మిలే?" అన్నాడు, పిల్లల్ని చంపేవాళ్ళుగా మేమే దొరికామా అని. ఆ నవ్వు చూసి మా చర్చి అయ్యగారికి రాత్రి నిద్ర పట్టలేదట. ఇంగ్లీషు పెడదామంటే ముఖ్య అతిథిగా వచ్చే ఆఫీసరుగారు ఏమనుకుంటారో. భటుల్ని మూగవాళ్ళని చేద్దామంటే పిల్లలు నవ్వుతారు. సంఘ పెద్దలు కూర్చుని కూర్చుని, ఈ ద్వీపంలో ఎవరిదీ కాని భాష పెట్టాలని తీర్మానించి, ఆ తీర్మానాన్ని చిన్నాన్న చేతిలో పెట్టి ఇళ్ళకి పోయారు. తీర్మానించడానికి నలుగురు, మొయ్యడానికి ఒక్కడు, ఏ సంఘంలోనైనా అంతే కదా.

అలా చిన్నాన్న భాష కట్టడం మొదలుపెట్టాడు. మొదట రెండు మూడు అరుపులతో సరిపెడతాడనుకున్నాం. ఆయన అలాంటివాడు కాదు. నలభై పేజీల నోటుబుక్కు కొన్నాడు. భటుడికి ముందు ఆజ్ఞ, తర్వాతే మనిషి, కాబట్టి క్రియ మొదట రావాలన్నాడు. 'మీరు' లేదు, అందరికీ 'నువ్వు' ఒక్కటే. రాజుకి కూడానా అని నేనడిగితే, రాజుని పిలిచే మాటే ఉండదు, తల దించుకోవడమే అన్నాడు. గారు లేదు, బాబూ లేదు, అమ్మా లేదు. మా అమ్మ ఇది విని, "అండీ లేకండా మనుషులు ఎలా బతుకుతార్రా" అని నిజంగానే బాధపడింది. ఇక వాడుక మాటలకి ఎక్కువ తంటాలు పడ్డాడు. పుస్తకంలా మాట్లాడే భటుడు ఇంకా సైన్యంలో చేరలేదని ఆయన వాదన. వాళ్ళేం తింటారు, కాపలాలో విసుగొస్తే ఏమంటారు, చుట్ట అడగాలంటే ఎలా అడుగుతారు, అన్నీ ఆలోచించాడు. లోపల పుచ్చిపోయిన దుంగని 'ఖుట్వ' అన్నాడు. శత్రువుని అంటే అది తిట్టు, తోటి భటుణ్ణి అంటే ముద్దు. ప్రతి మాటనీ మిల్లుకి తీసుకెళ్ళి, అక్కడ పనిచేసే అన్ని భాషల వాళ్ళ చెవిలోనూ వేసి, మీ దగ్గర దీనికేమైనా అర్థం ఉందా అని అడిగి వచ్చేవాడు. ఒక మాట మలయాళంలో పెద్దలముందు అనకూడనిదని తేలింది. ఇంకోటి బెంగాలీ మాష్టారి పెద్దమ్మ పేరట. వాటిని కొట్టేసి మళ్ళీ కొత్తవి. సాయంత్రాలు వాళ్ళ వసారాలో కూర్చుని ఆయన చెబుతుంటే నేను రాసేదాన్ని. నోటుబుక్కు ముందువైపు నుంచి నాటకం మాటలు, వెనకవైపు నుంచి ఇంకేవైనా తోస్తే అవి.

ఇప్పుడు పిన్ని గురించి చెప్పాలి, అసలు చెప్పాల్సింది ఆవిడ గురించే. చిన్నాన్న భార్య. ఓడలో నాలుగు రోజులు వాంతులు చేసుకుంటూ వచ్చి ఈ ఒడ్డున కాపురం పెట్టిన మనిషి, వచ్చిన కొత్తలో ఆవిడ నోట్లో నువ్వుగింజ నానేది కాదు. తొలిచూలు కొడుకు. వాడికి ఏడాదిన్నర వయసులో, జోరు వానల్లో జ్వరం వచ్చింది. మూడు రోజులే. వానలోనే సమాధుల దొడ్డికి తీసుకెళ్ళారు, తవ్విన గుంటలో నీళ్ళు తోడుతూ తోడుతూ దించారు. తర్వాత నెల రోజులు జనం వస్తూనే ఉన్నారు. ఇచ్చినవాడే తీసుకున్నాడమ్మా అన్నారు, పరలోకంలో ఉన్నాడమ్మా అన్నారు, చిన్నదానివి మళ్ళీ కడుపు పండుతుంది అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. పిన్ని అందరికీ తల ఊపింది, ఆ తర్వాత మాట్లాడ్డం మానేసింది. మూగదైపోయిందని కాదు. అన్నం వడ్డించాను, బట్టలు తియ్యి, దీపం పెట్టు, అంతవరకే. రెండేళ్ళు అలాగే గడిచింది. కొడుకు పేరు ఆవిడ నోట మళ్ళీ నేను వినలేదు.

ఒక సాయంత్రం చిన్నాన్నా నేనూ వసారాలో ఒకచోట చిక్కుపడ్డాం. కాపలా నుంచి ఇంటికొచ్చిన భటుడు పెళ్ళాంతో ఏం మాట్లాడతాడు అని. నాటకంలో ఆ సంగతి అవసరమే లేదు. ఈయనకి సరదా అంతే. పిన్ని వాకిట్లో కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తోంది. చేతిలో చేప చేతిలోనే ఉంచి, మా వైపు చూడకుండా, ఆ భాషలో ఒక ప్రశ్న వేసింది. తప్పులేకుండా, క్రియ ముందు పెట్టి. మేం నెలన్నర నుంచి అక్కడ కూర్చుని గొంతులు చించుకుంటుంటే ఆవిడ అంతా వింటోందని మాకు తట్టనేలేదు. ఆ ప్రశ్న ఏమిటంటే, 'ఏడవలేదెందుకు నువ్వు' అని. అడిగింది చిన్నాన్నని. మా ఇళ్ళలో మొగుణ్ణి నువ్వు అనడం లేదు, అండీ అని మొదలుపెడితే ఆ ప్రశ్న గొంతు దాటి రాదు. రెండేళ్ళు ఆవిడ లోపల అదే అడ్డుపడి ఉందని నాకు పెద్దయ్యాక అర్థమైంది. చిన్నాన్న కూడా ఆ భాషలోనే, మాటలు వెతుక్కుంటూ, ఏదో జవాబు చెప్పాడు. సగం మాటలు ఇంకా పుట్టలేదు, అక్కడికక్కడ పుట్టించాడు. నన్ను ఇంటికి పొమ్మన్నారు. పోలేదు, గోడ పక్కన నించున్నాను. ఇద్దరూ ఏడవడం విన్నాను.

ఆ రోజు నుంచి ఆ భాషలో వంటింటి మాటలు రావడం మొదలైంది. కాపలాకి, కత్తికి మాత్రమే మాటలున్న భాషలో ఉయ్యాల వచ్చింది, పాలపళ్ళు వచ్చాయి, నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం చూడ్డానికి ఒక క్రియ వచ్చింది. అవన్నీ నోటుబుక్కు వెనక పేజీల్లో చిన్నాన్నే స్వయంగా రాసుకునేవాడు, ఆ పేజీలు నాటకానికి కావు అమ్మీ అని నాకు చెప్పాడు కూడా. ఆ మాటల్లో ఎవరూ ఆవిడని ఓదార్చి ఉండలేదు. అందుకే అవి పనికొచ్చాయనుకుంటాను. వాటిలో ఒక వాక్యం ఉండేది. సాయంత్రం మబ్బు పట్టి చినుకు మొదలైతే, పిన్ని దండెం మీద బట్టలు తీస్తూ సమాధుల దొడ్డి వైపు తిరిగి ఆ వాక్యం అనేది. వాన వస్తోంది, లోపలికి రా, అని దాని అర్థం. కొడుకుతో అనేది. అన్నాక ఆవిడ ముఖం తేలికపడేది, తర్వాత నాతో తెలుగులో కూడా రెండు ముక్కలు మాట్లాడేది. ఒకసారి మా అమ్మని చూసి నవ్వింది. ఆ ఏడు నాటకం చూడ్డానికి వస్తానంది. రెండేళ్ళలో పిన్ని జనం మధ్యకి రావడం అదే మొదలు. చిన్నాన్న ఆ ముక్క మా నాన్నకి రెండుసార్లు చెప్పుకున్నాడు.

నాటకం రోజు మిల్లుకి దుంగలు ఆలస్యంగా చేరి చిన్నాన్న అక్కడే ఆగిపోయాడు. ఆఫీసరుగారు వచ్చేశారని అయ్యగారు తెర లాగించేశారు. తెర వెనక నుంచి మాట అందించడం నా పని, నోటుబుక్కు నా చేతిలో ఉంది. భటుల నాయకుడు మా మేనబావ. చేపల పడవ మీద పనిచేసే మనిషి, గొంతెత్తితే అవతలి రేవుకి వినిపించేది. అట్ట కిరీటం సర్దుకుంటూ నా దగ్గరికొచ్చి, "ఆ పొడుగు డైలాగు నోరు తిరగట్లేదే. ఛోటా సా ఏదైనా ఇయ్యి, గట్టిగా ఉండాల" అన్నాడు. ముందు పేజీల్లో చిన్నవి లేకపోలేదు. నాలుగైదు ఉన్నాయి. అవేవీ ఆ వెనక పేజీ వాక్యంలా మోగవు. క్రియ ముందు పడి, రెండు బరువైన మాటలు వెనక వచ్చి, గట్టిగా అరిస్తే గుండె జల్లుమనేలా ఉండేది. అది ఎవరిదో నాకు తెలుసు. ఎవరితో అనేదో తెలుసు. తెలిసే పేజీ వెనక్కి తిప్పాను. నాటకం బాగా రావాలనిపించింది, నా వల్ల బాగా వచ్చిందని చిన్నాన్న అనాలనిపించింది. అంతకు మించి నా బుర్రలో ఏమీ లేదు. బావ రెండుసార్లు అనుకుని స్టేజీ ఎక్కాడు.

బేత్లెహేము తల్లి వేషం వేసినావిడ చేతుల్లో గుడ్డల మూట ఉంది. బావ ఒక చేత్తో కత్తి ఎత్తి, ఇంకో చేత్తో ఆ మూట లాక్కుంటూ, ఆ వాక్యం అరిచాడు. జనం ఒక్క క్షణం బిగుసుకుపోయి, తర్వాత చప్పట్లు. హవల్దారు భయ్యా అందరికంటే గట్టిగా కొట్టాడు. నేను తెర సందులోంచి చూస్తున్నాను. పిన్ని ఆడవాళ్ళ చాప మీద రెండో వరసలో ఉంది, ఒళ్ళో ఎవరిదో పిల్ల. ఆవిడ అరవలేదు, ఏడవలేదు. పిల్లని పక్కావిడకి అందించి, లేచి, కొంగు సర్దుకుని, చాపల మధ్యలోంచి ఎవరి కాలూ తొక్కకుండా గేటు వైపు నడిచింది. అప్పుడే చిన్నాన్న గేటులోంచి వస్తున్నాడు, ఒంటి నిండా పొట్టుతో. సరిగ్గా ఆవిడ ఆయన ఎదురుగా వచ్చినప్పుడు, చప్పట్లకి ఉబ్బిపోయిన మా బావ అదే వాక్యం మళ్ళీ అరిచాడు. చిన్నాన్న స్టేజీ వైపు చూడలేదు. పక్కన, నేనున్న తెర వైపు చూశాడు.

తిడతాడని ఎదురుచూశాను. నాలుగు రోజులు ఎదురుచూశాను. తిట్టలేదు. నోటుబుక్కు ఇమ్మన్నాడు, ఇచ్చాను, నాటకం బాగుందట కదా అన్నాడు. ఆయన వెటకారానికి అనలేదు. అంతకు మించి ఏమనాలో తెలియక అన్నాడు. జనవరిలో ఒక సాయంత్రం అకాల వాన పడింది. నేను మా వాకిట్లో చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. పిన్ని గబగబా దండెం మీద బట్టలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ప్రతి వానకీ అంతే. దానికి తోడు, గోరుచుట్టు మీద రోకటిపోటులా, వీధి పిల్లలు ఆ వాక్యం పట్టేసుకున్నారు. హిందీ పిల్లలు, అరవ పిల్లలు, అందరూ. దొంగాట ఆడుతూ ఒకణ్ణొకడు పట్టుకున్నప్పుడల్లా అదే అరిచేవాళ్ళు. ఒక ఎండాకాలమంతా జంగ్లీఘాట్‌లో సాయంత్రం అదే వినిపించేది. భాషకి వీధిలో వాడుక ఉండాలని చిన్నాన్న ఎంత తాపత్రయపడ్డాడో, నా చేతి మీదుగా దానికి ఆ వాడుక వచ్చింది. పిన్ని వాకిట్లో పని ఉంటే పిల్లలు బడికి పోయిన వేళ చూసి చేసుకునేది.

లోకం ఆగలేదు. పిన్నికి తర్వాత ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, పెళ్ళిళ్ళయ్యాయి, ఒకామె ఇక్కడే తుష్నాబాద్‌లో ఉంది. పిన్ని వాళ్ళతో మాట్లాడేది, నవ్వేది, కోప్పడేది. చూసినవాళ్ళు ఏ లోటూ లేదనుకునేవాళ్ళు. నేను ఉద్యోగంలో చేరి, నాకో కొడుకు పుట్టి, వాడికి మొదటిసారి జ్వరం వచ్చినప్పుడు రెండు రాత్రులు కళ్ళు మూయకుండా కూర్చుని, మూడో రోజు వాడు పాలు తాగాక తిన్నగా పిన్ని దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చేటలో బియ్యం ఏరుతోంది. పిన్నీ, ఆ నాటకం రోజు నేను తెలిసే ఇచ్చాను, అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను, ఏడుస్తూ. ఆవిడ ఒక మట్టిబెడ్డ ఏరి పారేసింది. "చిన్నపిల్లవి నువ్వు. నాను నీ మీద ఏటీ అనుకోలేదు" అంది. నేను ముక్కు తుడుచుకుంటుంటే, చేట పక్కన పెట్టి, నా కళ్ళలోకి చూసి, మెల్లగా ఇంకో మాట అంది. "గానీ అమ్మీ, ఆ తరవాత ఆడితో మాట్లాడ్డానికి నాకాడ ఏటీ మిగల్లేదు."

చిన్నాన్న పోయాడు, ఆ నోటుబుక్కు ఏమైందో ఎవరికీ తెలియదు. పిన్ని కూడా పోయి పదకొండేళ్ళయింది, వాన రోజునే పోయింది. కొడుకు పక్కనే చోటు దొరకలేదు, ఆ వరసకి ఈ చివర పెట్టాం.

చిన్నప్పుడు మేమూ ఒక భాష కట్టామని ఆమాత్రం నోరు జారాను, అప్పట్నుంచి మనవడు నన్ను వదిలిపెట్టలేదు. నీకు వచ్చిన భాషలో ఒక్క వాక్యం చెప్పు నానమ్మా, మా నాటకంలో పెడతాను, అని బతిమాలుతున్నాడు. గుర్తులేదురా అన్నాను. చాలావరకు నిజమే. నీళ్ళని ఏమనేవాళ్ళమో, ఉయ్యాలని ఏమనేవాళ్ళమో, జ్వరం చూసే ఆ క్రియ ఏమిటో ఎంత తడుముకున్నా దొరకడం లేదు, ఒకటి రెండు తిట్లు మిగిలాయంతే. ఇక్కడ కూడా ఆ వాక్యం అర్థమే రాశాను, మాటలు రాయలేదు, రాయను. యాభై ఏళ్ళలో కాలం నా దగ్గర్నుంచి ఆ భాషంతా పట్టుకుపోయింది. నాది కాని ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం అక్షరం చెదరకుండా నా దగ్గరే వదిలేసింది.